ఆకాశ జహాజు ఆఖరి ఆదివారం

అగో, మల్ల గుంతల ఏసిండు! ఓ పోశం, ట్రాక్టరు జర నిమ్మలంగ తోలరాదురా! పసుపు బస్తాలనుకున్నవా ఏంది?

ఏడ వింటడు! ఇంజను సప్పుడుకు వాని మాట వానికే వినవడది, ఇగ నా మాటేం వినవడ్తది. మా తమ్ముడే పిలగా, ఏమనుకోకు. మెట్‌పల్లి మార్కెట్ల పసుపు దింపి దింపి గదే అలవాటైంది వానికి. ఎనుక డబ్బల మనుషులున్నరని యాదికుండది. నీకేం దెబ్బ తాకలేదు గదా?

చూడు నా తెలివి! సచ్చినోన్ని పట్టుకొని దెబ్బ తాకిందా అని అడుగుతున్న.

జగిత్యాల దాటినం. ఇంక కోరుట్ల రావాలె, అది దాటినంక మా ఊరు. అప్పటిదాక నీకు నేను, నాకు నువ్వు. పోశం పక్కన చక్రం మీది రేకు పట్టుకొని కూసున్న జవాను చూడు, ఆయనతోనే తిప్పలు. ఆయన మెడ ఇటు తిప్పిండనుకో, నేను ఏడ్వాలె. అటు తిప్పుకున్నడనుకో, మనం మాట్లాడుకోవచ్చు.

ఏడ్సినప్పుడు నేను రాజనర్సు అంట. అది నా కొడుకు పేరు, వాడు గూడ నీ లెక్క అడివిల కలిసినోడే. నీ పేరు నాకు తెల్వదాయె. పొద్దుగాల దవఖాన్ల నీ మీది గుడ్డ తీసి, గీడు నీ కొడుకేనా లింగవ్వా అని పోలీసోల్లు అడిగిండ్రు. ఔనంటి. గంతే, మనిద్దరికి చుట్టరికం కలిసింది.

కాకపోతే ఎందుకన్నవ్ అంటవా? చెప్త, చెప్త. దానికి ముందుగాల నీకు ఆకాశ జహాజు కథ చెప్పాలె. అడివిల తిరిగెటోనివి, నీకు టీవీ ఏడిది పాపం.

మా ఊర్లె టీవీ అంటే సరోజ దొరసాని ఇంట్లనే. అడివిలకెల్లి అన్నలు అచ్చుడు మొదలైనంక వాళ్లాయన మాధవరావు దొర కరీంనగర్ల పడ్డడు. దొరసాని మాత్రం నేనేడికి రాను, నన్నేం జేస్తరు అని ఈడనే ఉన్నది. నేను ఆమెకు వాకిలూడ్సి బోళ్లు తోముత. మునుపు గడప అవతల కూసుండి చూసెటోల్లం. ఇప్పుడు, దా లింగవ్వా, లోపట కూసో అంటది. మా మీద ప్రేమ పొంగిందనుకున్నవా? అన్నల భయం. ఏదైతేంది, సాప మీద కూసున్నం గదా.

ఆదివారం ఆదివారం అచ్చేది గా కథ. అంత హిందీనే. అయితేంది, నాకు మంచిగ సమజైతది. ఎందుకంటే గా కథలోల్లు చేసేటియన్ని ఒక్క తీర్గనే ఉంటయి పిలగా! ఒకపాలి పట్టుకున్నమంటే ఇగ మనమే చెప్పొచ్చు.

మొగులు మీద పోయే ఓడ, గదే జహాజు. దాంట్ల కప్తాను. మంచోడు, జర కోపం ఎక్కువ. ఆయనకొక దోస్తు. మొదటి ఆదివారం నుంచి అన్నా అన్నా అనుకుంట ఎనుకెనుక తిరుగుతడు. వాడే దుష్మన్లకు కబురు పంపెటోడు! ఆఖరి ఆదివారం బయటవడ్డది, అందరు నోరు తెరిసిండ్రు. నేను ఎప్పుడో చెప్పిన. ఎట్ల తెలిసింది లింగవ్వా అంటది దొరసాని. ఎట్లేంది దొరసానీ, వాడు అక్కెర లేనికాడ నవ్వుతుండు, గట్లాంటోల్లు మన వాడకట్టుల లేరా అన్న.

మీ దళంల గూడ ఉండి ఉంటడు గట్లాంటోడు. లేకపోతే నువ్వు గీ డబ్బలకెట్ల అస్తవ్.

మల్ల బాంబు. బాంబు లేంది ఆఖరి ఆదివారం ఉండదు. దాని మీద ఎర్రటి అంకెలు దిగుకుంట దిగుకుంట అస్తయి. గీ తీగ కొయ్యాల్నా, గా తీగ కొయ్యాల్నా అని అందరికి శెమటలు. ఏడ ఆగుతది? ఒకటి కాడనే ఆగుతది. జర ముందుగాల ఆగితే వీళ్ల సొమ్మేం పోయె? మా రాజనర్సు గూడ గంతే. కోరుట్లకు బడికి పోయేటప్పుడు బస్సు కదిలినంకనే ఉరికి ఎక్కెటోడు. నేను ఎనుక నుంచి తిట్టుకుంట ఉరికెటిదాన్ని.

ఆగు, మెడ తిప్పిండు.

అయ్యో రాజనర్సూ! అయ్యో నా కొడుకా! ముసలోల్లను ఆగం జేసి ఎట్ల పోయినవ్ కొడుకా! నీ అయ్యకు ఏం మొఖం చూపియ్యాలె కొడుకా!

ఆ, తిప్పుకున్నడు. ఎట్లుంది? మస్తు ఏడుస్తున్న గదా? గొంతు మాత్రం మండుతుంది.

యాడున్నం మనం? ఆఁ, ఆఖరి ఆదివారం. దొరసాని ఇంట్ల ఇసుకేస్తే రాలనంత జనం. దుష్మన్లు కప్తాను కోసం మొగులంత దేవులాడుతుండ్రు. ఏ దిక్కు పోయినా వాళ్లే. ఇగ ఈయన పనైపోయింది అనుకున్నం. అప్పుడు గా జహాజుల డాక్టరమ్మ ఏం జేసింది? ఒక పెద్ద సీసా డబ్బల అచ్చు కప్తాను అసొంటోన్ని తయారు చేసింది! మొఖం గదే, గడ్డం గదే, బట్టలు గవే. వాన్ని దుష్మన్ల ముందటికి తోలిండ్రు. దుష్మన్లు వాన్ని కాల్చి పడేసి, కప్తాను సచ్చిండని ఎగిరి దునికి, వాళ్ల జహాజులు మలుపుకొని పోయిండ్రు. అసలు కప్తాను ఎనుక తలుపు నుంచి బయటవడ్డడు.

ఏం సప్పట్లు పిలగా! సాప మీదోల్లు, కుర్చీలోల్లు, గడప అవతలోల్లు, అందరం కొట్టినం. దొరసాని సప్పట్లు కొట్టంగ నేను గప్పుడే చూసుడు.

అయిపాయె అనుకుంటే కాలె. పోయెటోడు పోయెటోడు ఒక నల్లటి బొందల పడ్డడు కప్తాను. జహాజుల అందరు ఆయన ఖాళీ కుర్సీకి సలాం కొట్టిండ్రు. సన్నాయి లెక్క ఏదో ఊదిండ్రు. ఇగ మిగిలింది అచ్చే ఏడు అని రాసి బందు వెట్టిండ్రు. ఆడోల్లంత ముక్కు చీదుడు. నాకు నవ్వచ్చింది. ఎందుకే ఏడుస్తరు, పీనుగను చూపిచ్చిండ్రా? చూపియ్యలె గదా. పీనుగను చూపియ్యకపోతే సచ్చినట్టు గాదు. అస్తడు, నిమ్మలంగ ఇంటికి పోయి వంట చేసుకోండ్రి అన్న.

గది కథ. ఇగ మనది చెప్త.

పొద్దుగాల జీపు అచ్చింది. నీ కొడుకు ఎదురుకాల్పులల్ల సచ్చిండు, అచ్చి చూసి తీస్కపో అన్నరు. దవఖాన్ల గుడ్డ అంచు పట్టుకున్నరు. తీసిండ్రు. చూస్తే నువ్వు!

ఒడ్డూ పొడుగూ మావానిదే. గడ్డం మావానిదే. మొఖం ఎట్లున్నదో నీకు చెప్ప, నువ్వు చూసుకోకపోవుడే మంచిది. గని చెవులు మావానియి గావు. మావానియి డొప్ప చెవులు, చిన్నప్పుడు పట్టుకొని లాగి లాగి నేనే పెద్దగ చేసిన.

అప్పుడు నాకు గా డాక్టరమ్మ యాదికచ్చింది, ఒట్టు! ఔ సారూ, నా కొడుకే అని నీ మీద పడ్డ. ఇగ రాజనర్సు సచ్చినట్టు రాసుకున్నరు. ఇగ వాన్ని ఎవలు దేవులాడరు. గీ సంగతి వాని చెవుల పడ్డదంటే తుపాకి పారేసి బొంబాయి పోయి ఏ పనో చేసుకొని బతుకుతడు. బతకనియ్. నాకు కనవడకున్నా మంచిదే.

పోశంగాడు ఆగం జేస్తుండె. నిన్ను చూసి, అక్కా గిది మన... అని నోరు తెరిసిండు. తొడ మీద ఒక్క గిల్లుడు గిల్లిన. అయ్యో అల్లుడా అని కూలవడ్డడు. అందరు మేనమామ పానం అనుకున్నరు. వాడు ఏడ్సింది నేను గిల్లిన నొప్పికి.

అగో, కోరుట్ల అచ్చింది. బస్టాండ్ కాడ జనం చూస్తరు, గట్టిగ ఏడ్వాలె. ఉండు.

అయ్యో నా కొడుకా! అయ్యో రాజనర్సూ! పందిరేసి పెండ్లి చేద్దామనుకుంటి గదా కొడుకా! ఓ నా బంగారు కొడుకా!

...

చూసినవా గాజుల గంప దించుకొని నిలవడ్డ ముసలామెను? డబ్బలకు తొంగి చూసి, ఏ తల్లి కన్నదో అని కండ్లొత్తుకున్నది. నన్ను చూస్త లేదు, నిన్నే చూస్తుంది. నేను జరసేపు ఏడ్సుడే మరిసిపోయిన.

ఏ తల్లి కన్నది పిలగా నిన్ను?

నీ చేతులు చూసిన దవఖాన్ల. వేళ్ల మీద సన్నగ కోసుకపోయిన గీతలున్నయి. నూలు కోసిన గీతలు. సిరిసిల్ల పిలగానివి గావచ్చు, సాంచాల మీద బట్ట నేసినోనివి. నేను సిరిసిల్ల ఎన్నడు పోలె. పోయినా ఏ గల్లీల అడుగుదు? గిట్లాంటి చేతుల పిలగాడు మీ ఇంట్లకెల్లి పోయిండా అంటే, ప్రతి ఇంటోల్లు చెయ్యి చాపి చూపిస్తరు.

గా ఆదివారం అంత పొంగిపోయి సప్పట్లు కొట్టినం గని, గా కాల్చవడ్డోనికి కన్న అవ్వ ఉన్నదా అని ఒక్కలం అడుగలె. వాడు సీసా డబ్బల తయారైనోడు, వానికి అవ్వేంది లింగవ్వా అంటది దొరసాని. నిజమే. నువ్వు డబ్బల తయారైనోనివి గావు గదా మరి.

ఆమెకు నీ పీనుగ దొరకది. నేను కాలవెట్టినంక ఎట్ల దొరుకుతది? ఆమె గూడ నా తీర్గనే అంటది, ఎవలు చూపియ్యలె, నా కొడుకు అస్తడు అని. రోజు బువ్వ వండి గిన్నె మీద మూత పెడ్తది. కుక్క మొరిగితే తలుపు తీస్తది. నా కొడుకును నేను బతికిచ్చుకున్న. నిన్ను గూడ ఆమె కాడ సావనియ్యలె. ఇది పున్నెమా, పాపమా? నువ్వే చెప్పు. నీకేం, హాయిగ పండుకున్నవ్.

అగో, ఈతవనం కనవడ్తుంది. ఊరచ్చింది. ఉరికస్తుండు చూడు ముసలోడు, కాళ్లకు చెప్పులు గూడ లేవు. మా ఆయన బుచ్చన్న. తాళ్లెక్కి ఎక్కి మోకాళ్లు పోయినయి, గయినా ఎట్ల ఉరుకుతుండో. ఆయనకు అసలు సంగతి చెప్ప. కల్లు ఎక్కువైతే కడుపుల ఏది దాగదు ఆయనకు, తెల్లారేసరికి ఠాణ దాక పోతది. గందుకని నీ మొఖం మీది గుడ్డ తియ్యనియ్య. చూడలేవు, చూడకు అంట.

రాజనర్సే సచ్చిండనుకొని ఏడుస్తడు. నా లెక్క దొంగ ఏడుపు గాదు. ఒకటి మాత్రం నిజం పిలగా, నీ చితి కాడ నిజంగ ఏడ్సేటోడు ఒక్కడన్న ఉంటడు.

ఇంకొక్క మాట. పోశంకు గూడ చెప్పలె. గుడ్డ తీసినప్పుడు, నువ్వు నా కొడుకువు గావని తెల్వంగనే నేను నవ్విన. కొంగు నోట్ల కుక్కుకొని నవ్విన. పోలీసోల్లు ఏడుస్తుందనుకొని పక్కకు జరిగిండ్రు. గన్ని దెబ్బలతోటి నువ్వు ముందట పండుకోని ఉంటే నాకు సంబురమైంది పిలగా. పండుగ లెక్క సంబురమైంది.

బయటికి రాజనర్సు అనే ఏడుస్త. లోపట ఏమని ఏడ్వాలె? జల్ది చెప్పు, నీ పేరేంది?

పోశం ఇంజను బందు వెట్టిండు. ఇగ అందరికి వినవడ్తది.

అయ్యో కొడుకా... ఓ నా కొడుకా...