ఎత్తబడిన టర్కీ కోడి

బెంజిమిన్ నోరు తెరిస్తే గోరంత కొండంత అవుతుందని గురజాల పక్కన ఆ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. తెలిసీ వింటారు. సాయంత్రం పూట అతని అరుగు ఖాళీగా ఉండగా చూసినవాళ్ళు లేరు. వినేవాళ్ళకేం, వింటారు, నవ్వుకుంటారు, ఇళ్ళకి పోతారు. కాపురం చేసేది సుప్రజ.

ఈ సాయంత్రం ఆమెకి నవ్వు రావడం లేదు. తెల్లారితే క్రిస్మస్. విందుకి కొయ్యాల్సిన టర్కీ కోడి పెరట్లో లేదు. కొయ్యడానికి పిలిచిన మౌలాలీ కత్తి గుడ్డలో చుట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పక్కింటి గోపాలరావు కూడా వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సుప్రజ ఇద్దరికీ టీ ఇచ్చింది. "కోడేదయ్యా" అని ఆమె అడిగితే మొగుడు కాలు మీద కాలేసుకుని కథ మొదలెట్టాడు.

ఆ వీధిలో ఈ మూడిళ్ళకి ఒక అలవాటు. బక్రీదుకి మౌలాలీ ఇంట్లో, ఉగాదికి గోపాలరావు ఇంట్లో, క్రిస్మస్‌కి బెంజిమిన్ ఇంట్లో అందరూ కలిసి తింటారు. క్రిస్మస్ కూర ఏదన్నది తేల్చడం మాత్రం ఏటా ఒక పంచాయితీ. పెద్దకూర గోపాలరావు ఇంట్లో ముట్టరు. మౌలాలీ వాళ్ళకి అల్లా పేరు చెప్పి జబహా చేసిందే కావాలి. మేకమాంసం వాసన గోపాలరావు భార్య సుకన్యకి పడదు. బాయిలర్ కోడి ప్రతి ఆదివారం తినేదే, దానికి పండగెందుకు? పోయినేడు బెంజిమిన్ "కృష్ణలోంచి నా అంత చేపని పట్టుకొస్తా, మీరింకేం చెయ్యబాకండి" అని మీసం తిప్పి వెళ్ళి, మధ్యాహ్నానికి ఖాళీ సంచీతో దిగాడు. పండగపూట రెండు కుటుంబాలకీ సుప్రజ కోడిగుడ్ల పులుసు పోసింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెకి ముల్లులా గుచ్చుకుంది.

అందుకే ఈ ఏడు ఎవర్నీ నమ్ముకోలేదు. టర్కీ పిల్లని కొనుక్కొచ్చి సజ్జలు, జొన్నలు, తరిగిన ఉల్లికాడలు పెట్టి తన చేత్తో పెంచింది. వీధిలో ఎవరూ ఇంతవరకు తినని కూర, మూడిళ్ళకీ చెల్లే కూర. అందరికీ చెప్పుకుంది కూడా. నిన్న మొదటి బస్సుకే బట్టలకని నరసరావుపేట పోయి, చెల్లెలింట్లో పడుకుని ఈ మధ్యాహ్నం వచ్చేసరికి పెరడు బోసిగా ఉంది. మేతకి పోయుంటదిలే అన్నాడు బెంజిమిన్. చీకటి పడబోతోంది, మేత అవలేదు.

"నిన్న తెల్లారుజామున పెరట్లోకి ఒక కుక్కొచ్చింది," అన్నాడు బెంజిమిన్. "ఉత్త కుక్క కాదు, కోళ్ళు తినటం మరిగిన కుక్క. మన టర్కీ ఏం చేసిందో తెలుసా? రెక్కలు విప్పి ఒక్క ఉరుకు ఉరికింది. కుక్క తోక ముడుచుకుని ముందు, దాని ఎనక టర్కీ, దాని ఎనక లుంగీ ఎగ్గట్టుకుని నేను."

"కావచ్చు బావా, టర్కీకి పొగరెక్కువ," అన్నాడు మౌలాలీ.

బెంజిమిన్‌కి ఆ మాత్రం ఊతం చాలు.

"కుక్క సంగతి సరే. కోడెక్కడుంది?" అంది సుప్రజ.

"అదే చెప్తున్నా గదే. పరిగెత్తి పరిగెత్తి మిరపచేలో పడింది. ఆకలి. పండుమిరపకాయలు తినటం మొదలెట్టింది. ఒక సాలయింది, ఇంకో సాలయింది, పొద్దెక్కేసరికి ఎకరం నున్నగా చేసింది. కోతకొచ్చిన ఆడోళ్ళు ఉత్త గంపలు నెత్తిన పెట్టుకుని ఎనక్కి పోయారు. ఆ కారానికి దాని ముక్కులోంచి పొగ. నేను పట్టుకుందామని దగ్గరికి పోతే నా మీసం చివర కాలింది, ఇదిగో, కావాలంటే చూడు."

మౌలాలీ ముందుకి వంగి చూశాడు. "బీడీకి కాలుంటది బావా."

"బీడీకి ఒకవైపే కాల్తది. రెండువైపులా కాలింది చూడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోడ్డెక్కింది. ఎదురుగా పోలీసు జీపు. మనది రోడ్డుకి అడ్డంగా నిలబడి తోక విప్పింది. ఎస్సై నెమలనుకున్నాడు. జాతీయ పక్షి గదా, పాపం జీపు దిగి టోపీ సర్దుకుని సెల్యూట్ కొట్టాడు. ఎనకున్న కానిస్టేబుళ్ళు కూడా కొట్టారు. మనది తల ఊపి, పొండి అన్నట్టు పక్కకి జరిగింది."

మౌలాలీ పొలమారి టీ కక్కుకున్నాడు. వేరే రోజైతే సుప్రజ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదే. కానీ ఈ మనిషితో ఇన్నేళ్ళు వేగింది. గొప్ప ఎంత పెరిగితే దాని వెనకాల నష్టం అంత పెద్దదని ఆమెకి అనుభవం. పోయినేడు ఆ చేప కూడా ఇట్టాగే పెరిగింది. మొదట మనిషంత అన్నాడు, తర్వాత పడవంత అన్నాడు, అది తోక ఆడిస్తే రేవు కొట్టుకుపోయిందన్నాడు, ఆఖరికి తను గుడ్లు ఉడకబెట్టింది. కోడి తప్పిపోతే తప్పిపోయిందని చెప్పొచ్చు. ఎస్సై చేత సెల్యూట్ కొట్టించాల్సిన అవసరం ఏమొచ్చింది?

ఇంకొకటి కూడా ఆమె కంటపడింది. గోపాలరావు నవ్వడం లేదు. బెంజిమిన్ కథలకి అందరికంటే ముందు ఊఁ కొట్టే మనిషి, కథ తెగనిచ్చే మనిషి కాదు. ఈ సాయంత్రం గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. టీ మీద మీగడ కట్టింది.

"బాబాయ్, మీరు తాగట్లేదే," అంది.

"తాగుతానమ్మాయ్," అన్నాడు, తాగలేదు.

"వినండయ్యా, అసలుది ఇప్పుడుంది," బెంజిమిన్ గొంతు పెంచాడు. "కోటప్పకొండ మీద కాకి వాలదంటారు గదా. మా టర్కీ వాలింది. ఇక్కడ లేచి అక్కడ దిగింది. కొండమీద మూడు చుట్లు ప్రదక్షిణం చేసి స్వామికి మెడ వంచింది."

"క్రిస్మస్ కోడి గద బావా అది?"

"పండగ మనది, కొండ అందరిదిరా. అక్కడ్నించి దాహమేసింది. తిన్నది ఎకరం మిరపకాయలాయె. సాగర్ డ్యామ్ మీద దిగి మూతి పెట్టింది. తాగుతా ఉంది, తాగుతా ఉంది, గట్టున తడి మిగిలింది, నీళ్ళు కనపడవు. ఇటు ఇంజినీర్లు, అటు ఇంజినీర్లు వంతెన మీదికొచ్చి మా నీళ్ళు మీరు తాగారంటే మీరు తాగారని కొట్టుకుంటున్నారు. తాగినోడు ఎవుడూ? మధ్యలో ముక్కు తుడుచుకుంటున్నాడు."

"ఏందయ్యా," అంది సుప్రజ. ఆమె గొంతు పెంచలేదు. "నాకు సాగరొద్దు, కొండొద్దు. కోడి ఉందా, లేదా? ఉంటే మౌలాలీ అన్న కోస్తాడు. లేకపోతే రేపు వీళ్ళ ముందు నేనేం పెట్టాల? మళ్ళీ గుడ్లా?"

బెంజిమిన్ ఆమెని చూశాడు. ఆ ఒక్క క్షణం అతని ముఖంలో కథ లేదు. నిజం చెప్తాడేమో అనుకుంది సుప్రజ. తప్పిపోయిందన్నా, కుక్క తిన్నదన్నా, అమ్ముకున్నానన్నా సరే, ఒక్క ముక్క చెప్తే చాలనుకుంది. గోపాలరావు కూడా తలెత్తి బెంజిమిన్ వైపే చూశాడు, చెప్పరా అన్నట్టు.

కానీ కొండ మీంచి దొర్లిన రాయి మధ్యలో ఆగదు.

"లేదు," అన్నాడు బెంజిమిన్ గంభీరంగా. "వీరమరణం పొందింది."

మౌలాలీ పక్కనున్న కత్తిని కొంచెం అవతలికి జరిపాడు.

"పల్నాడులో పుట్టింది, పల్నాడు కోడిలాగే పోయింది. సాగర్ నించి తిరిగొస్తా ఉంటే మామిడితోటలో పందేలకి తయారు చేస్తున్న కోళ్ళన్నీ కనపడ్డాయి. మాచర్లవి, కారంపూడివి, బొల్లాపల్లివి. ఇదెవుడ్రా కొత్తోడని అన్నీ కలిసి మీద పడ్డాయి. ఒక్కటొక్కటిగా రాలేదు, అన్నీ ఒకేసారి. మనది కాలెత్తింది. తన్నిన కోడి తన్నినట్టు చెట్టుకొమ్మల్లో ఇరుక్కుంది. మామిడిచెట్టుకి కోళ్ళు కాసినట్టుంది చూట్టానికి."

"మన ఊరివి కూడా ఉన్నాయా బావా అక్కడ? గోపాలరావు గారి డేగ?" మౌలాలీ ఏ దురుద్దేశంతోనూ అడగలేదు. ఎర్రటి ఆ పందెంకోడి పేరు చుట్టుపక్కల ఊళ్ళల్లో అందరికీ తెలుసు. అందుకని అడిగాడు.

బెంజిమిన్ ఆగాల్సింది అక్కడే. గోపాలరావు గ్లాసు కింద పెట్టి అడ్డంగా తలాడించడం సుప్రజ చూసింది. బెంజిమిన్ కూడా చూశాడు. చూసి కూడా నోరు ఆగలేదు.

"డేగా? అదెంతసేపు. ఒక్క తన్ను. మెడ వాల్చేసింది. ఇంకెవురున్నారని మనది చుట్టూ చూసింది. ఎవురూ లేరు. అప్పుడు సుడిగాలొచ్చింది. బైబిల్లో ఏలీయా ప్రవక్తని తీసుకుపోయినట్టే, అందరూ చూస్తుండగానే, పైకి ఎత్తబడింది. ఈక కూడా కింద పడలా."

"నా డేగ చచ్చిందా?" అన్నాడు గోపాలరావు.

"కథలో బాబాయ్."

"కథలో అయినా. నా డేగ చచ్చిందా?"

బెంజిమిన్ నవ్వబోయాడు గానీ నవ్వు పెదాల దగ్గరే ఆగింది. గోపాలరావు సుప్రజ వైపు తిరిగాడు. ఆయన కళ్ళల్లో కోపం కంటే సిగ్గే ఎక్కువ కనిపించింది ఆమెకి.

"పైకేం ఎత్తబడలేదమ్మాయ్. మా ఇంటికొచ్చింది. మేం తిన్నాం."

సుప్రజ మొగుడి వైపు తిరిగింది. గోపాలరావే చెప్పుకుపోయాడు.

"నిన్న పొద్దున తోటలో నా డేగకి సాధన చేయిస్తున్నా. వీడొచ్చి పందెం ఆడదాం అన్నాడు. కత్తులు కట్టలేదు, ఉత్తిదే. నీ పర్ల పుంజుని దింపరా అన్నా. అది సంక్రాంతి దాకా దెబ్బ తగలకూడదన్నాడు. ఇంటికి పోయి టర్కీని చంకన పెట్టుకొచ్చాడు. పండక్కి గదరా అంటే, పండక్కి వేరేది వస్తా ఉంది, ఇది అదనం అన్నాడు. వీడి మాట నమ్మాను, అది నా బుద్ధిలేనితనం. నా డేగ రెండుసార్లు ఎగిరింది, అంతే. ఓడిన కోడి గెలిచినోడిది గదా, తీసుకుపోయాను. మీ పిన్ని పులుసు పెట్టింది. కుక్కరు కూసీ కూసీ అలిసిపోయింది గానీ అది మాత్రం ఉడకలా. ఇందాక నువ్వు కోడేదని అడిగినప్పుడే నాకు గుండె జారింది. వీడే చెప్తాడని చూశా."

మౌలాలీ కిందకి చూస్తూ కూర్చున్నాడు. నవ్వొచ్చే చోట నవ్వకుండా ఉండడానికి ఆయన చాలా కష్టపడ్డాడు.

సుప్రజకి మొదట ఏడుపొచ్చింది. కోడి పోయినందుకు కాదు. రేపు దాన్ని కొయ్యడానికే గదా పెంచింది. ఓడినందుకూ కాదు. పర్లకి దెబ్బ తగలకూడదు అన్న మాటకి. పర్ల అంటే బెంజిమిన్ పందెంకోడి. దానికి బాదంపప్పు, ఉడకబెట్టిన గుడ్డు, సాయంత్రం వేణ్ణీళ్ళ కాపడం. దాని కాలికి దెబ్బ తగుల్తుందని తన కోడిని తీసుకుపోయి బరిలో దింపాడు. తన కోడికి దెబ్బ తగిలితే ఏమవుతుందన్నది ఆ మనిషికి తట్టనే లేదు.

"బాబాయ్," అంది కళ్ళు తుడుచుకుని. "సొంతం కాని కోడిని దింపితే ఆ పందెం చెల్లుద్దా?"

"చెల్లదమ్మాయ్. ఏ బరిలోనూ చెల్లదు. కోడికి కోడి ఇచ్చుకోవాల." గోపాలరావు లేచి నిలబడ్డాడు. ఆ మాట అర్థమేమిటో ఆయనకి తెలుసు. "తిన్నది నేను. నా డేగని తెస్తా."

"మీరు తెలియక తిన్నారు. మీరు కూర్చోండి." ఆమె మౌలాలీ వైపు తిరిగింది. "అన్నా, పెరట్లో గంప కింద పర్ల ఉంది."

మౌలాలీ కత్తి తీసుకున్నాడు గానీ కదల్లేదు. "చెల్లెమ్మా, నేను ఏ కోడినైనా పెంచినోడు తన చేత్తో ఇస్తేనే కోస్తా. లాక్కొచ్చి ఇస్తే కొయ్యను. నా అలవాటు నీకు తెలుసు గదా."

అందరూ బెంజిమిన్ వైపు చూశారు.

"ఆ పర్ల సంగతి మీకు తెలీదు," అన్నాడు బెంజిమిన్. గొంతు సవరించుకున్నాడు. "దాని తాత ఉంది చూడండి, అది ఒకరోజు..."

ఆగి, ఎవరైనా ఊఁ అంటారని చూశాడు. గోపాలరావు అనలేదు. మౌలాలీ అనలేదు. వీధిలో ఎక్కడో పిల్లలు క్రిస్మస్ పాట మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టారు. ఇంటిముందు కట్టిన కాగితం నక్షత్రంలో లైటు వెలిగింది. కథ అక్కడే ఉండిపోయింది.

"సుప్రజా," అన్నాడు చివరికి. మాట చిన్నగా వచ్చింది. "దాన్ని సంక్రాంతికని పెంచుకుంటున్నానే."

"నేను నాదాన్ని క్రిస్మస్‌కని పెంచుకున్నా."

బెంజిమిన్ కాలు మీంచి కాలు దించాడు. తర్వాత లేచి పెరట్లోకి వెళ్ళాడు. గంప ఎత్తిన చప్పుడయింది. పర్లని గుండెకి హత్తుకుని తీసుకొచ్చి, ఒకసారి దాని మెడ నిమిరి, మౌలాలీ చేతికిచ్చాడు.