ఆత్మకూరు తొవ్వల ఆగిన కారు

"అవ్వా, తాత నడిపిన కారు నువ్వెప్పుడన్న ఎక్కినవా?"

ఎక్కిన బిడ్డా, ఒక్కపారే ఎక్కిన. జర ఇటు జరుగు, నీ మీద ఎండ పడుతుంది.

అప్పుడు మేం వనపర్తిల ఉంటిమి. నా లగ్గమై ఇంకా ఏడాది నిండలే. మీ తాత డాక్టరు సాబు కారు నడుపుతుండె. సాబు వారంల ఒకనాడు ఆత్మకూరు పోయి అక్కడి రోగులను చూసొస్తుండె. లడాయి రోజులవి, పెట్రోలు చీటీల మీదనే ఇస్తుండ్రి. ఊరు మొత్తంల కార్లు మూడో... కాదు, రెండే.

ఆ ఏడు దసర దాటినంక కారుకు ఏమైందో ఏమో. మంచిగనే పోతది, నాలుగైదు మైళ్లు పోయినంక దగ్గినట్ల జేసి ఆగిపోతది. మీ తాత దిగి అదీ ఇదీ జూసి ఇంజను ముందల హ్యాండిలు పెట్టి తిప్పుతడు, మళ్ల నడుస్తది. జర దూరం పోయినంక మళ్ల గంతే. ఒకనాడు ఆత్మకూరుల ఒక బాలింత జరంతోని పడుంటే సాబు పొద్దుగూకినంక చేరిండంట. ఆ పిల్ల బతికింది గని సాబు మనసు విరిగింది. వచ్చే వారం లోపల బాగుజేయకుంటే కర్నూలు నుంచి వేరే డ్రైవర్‌ను పిలిపిస్త అన్నడు. ఆ దినం మీ తాత బువ్వ ముందల కూసున్నడు గని ముద్ద ఎత్తలే.

మా ఇంట్ల ఎట్లుండెనంటే... అత్త, మామ, ఇద్దరు మరుదులు, పెండ్లికాని ఒక ఆడబిడ్డ. మొగనితోని రెండు మాటలు మాట్లాడనీకి సందు లేకుండె. నువ్వు నవ్వుతవు గని, నిజం.

ఆత్మకూరుల నా మేనత్త ఉండె. మీ తాత సాబును అడిగి, ఖాళీ కారు నడిపి చూస్తనని తెచ్చిండు. మా అత్తకు మాత్రం, దీన్ని దీని మేనత్తకు చూపించుకొస్త అని చెప్పి నన్ను ఎక్కించిండు. ఊరు దాటినంక అసలు సంగతి జెప్పిండు. "తల ఇంజన్ల పెట్టి చేస్తుంట గద, ఏం జేసినంక నడుస్తుందో నాకే యాదుంటలేదు. నువ్వు చూస్తుండు."

చూసిన బిడ్డా. ఆగింది మొదటిపారి. అబ్బ, ఇంజను ఆగంగనే ఎంత నిమ్మళం! పల్లికాయ చేన్లు, ఆ పచ్చి మట్టి వాసన, యాడనో పిట్టలు. నేనేమో కలల ఉన్నట్ల కూసున్న. ఆయన ప్లగ్గులు తీసి తుడిచిండు, ఎనకకు పోయి టాంకి మూత తీసి పెట్రోలు ఎంతుందో పుల్ల ముంచి జూసిండు. హ్యాండిలు తిప్పితే నడిచింది. ప్లగ్గులే అనుకున్నడు. రెండోపారి ఆగితే పెట్రోలు గొట్టం విప్పి నోటితోని ఊదిండు, మళ్ల పుల్ల ముంచిండు. నడిచింది. మూడోపారికి మాత్రం దిగనీకే మనసొప్పలే ఆయనకు. నా పక్కన్నే కూసున్నడు. చిన్నప్పుడు ధరూర్ల తన తాత కాడ ఎట్ల పెరిగిండో చెప్పిండు, కృష్ణల ఈదింది చెప్పిండు. ఆ పని పోతే ఏం జేయాల్నో తెల్వదన్నడు. ఆ గొంతు గంతసేపు నేనెన్నడూ ఇనలే.

ఇంటికి పోనీకన్న పెట్రోలు సరిపోతదా అని లేచి పోయి టాంకి మూత తీసిండు. అంతే, ఇంకేం ముట్టలే. తిప్పితే నడిచింది!

అప్పుడు నేనన్న, "మూత తీసినప్పుడల్ల ఉస్సుమని గాలి మింగుతుంది, అదేంది?" అని.

మీ తాత మూత చేతిల పట్టుకొని తిప్పి తిప్పి చూసిండు. దాని నడుమ సూది మొనంత తూటు, మూసుకపోయుంది. తుమ్మ ముల్లుతోని గీకితే పచ్చగ రాలింది. పసుపు!

దసరనాడు కారుకు పూజ జేసింది నేనే. నూనెల కలిపిన పసుపు ఆ మూతకు రుద్ది రుద్ది పెట్టిన, కుంకుమ భరిణె లెక్క ముద్దుగుండెనని. ఆయన కారు ఎన్నిపార్లు కడిగినా ఆ తూట్లది పోలే. పెట్రోలు తరిగిన జాగలకు గాలి పోవాలంట, పోకుంటే పెట్రోలు ఇంజనుకు రాదంట. నా వల్లనే ఆయన పని పోయేదుండె గదా అని ఏడ్సిన. ఆయన రుమాలు ఇచ్చిండు. సాబుకు గూడ మూత తూటు మూసుకపోయిందనే చెప్పిండు, దేనితోని మూసుకపోయిందో మేమిద్దరం ఇంతవరకు ఎవ్వరికీ చెప్పలే. ఇగో, నీకే చెప్తున్న.

మేనత్తను చూసి మర్లినం. కారు నీళ్లల్ల పడవ లెక్క పోతుంది, యాడ గూడ ఆగలే. సగం తొవ్వకు వచ్చినంక, మళ్ల ఆగింది. ఆయనేమో దిగుతలేడు.

"మళ్ల ఏమైంది?" అన్న.

"ఏం కాలే. నేనే ఆపిన. జరసేపు కూసుందాం."

జొన్న చేన్ల మీద గాలి వీస్తుండె... పొద్దు ఎర్రగ దిగుతుండె... ఏం మాట్లాడుకున్నమంటవా? ఏమో బిడ్డా, అది యాదికి లేదు. కూసున్నది యాదికుంది. నీకు గూడ గసుంటోడే దొరకాలె బిడ్డా, గసుంటోడే...