బండి రెండో తాళం

పాల్వంచ దాటినంక భద్రాచలం రోడ్డు మీద తిరుపతి మెకానిక్ షెడ్డు. పొద్దున పదకొండు గంటలు. ఎవరు రావొద్దని తిరుపతి మూడు దినాల సంది మొక్కుకుంటున్నడో ఆ మనిషే, తన దోస్తు దేవ్‌సింగ్ తల్లి ద్వాలి, వచ్చి బానెట్ లేపిన బండి పక్కన స్టూలు మీద కూసున్నది.

“దేవ్‌సింగ్‌ను పంపియ్యమంటే నువ్వెందుకొచ్చినవ్ పెద్దమ్మా? రెండు ఆటోలు మారి...”

“వాడు మంచం దిగితే గదా పంపుడు. పట్టు, గిదిగో తాళం. మా ముసలాయన పెట్టెల, ధోతుల కింద దొరికింది. అయినా రెండో తాళం ఎందుకు బిడ్డా నీకు? ఒకటి ఈడనే ఉండె గదా.”

“కొత్త ఈసీఎం ఏస్తే ఉన్న తాళాలన్నీ దానికి మల్ల సూపెట్టాలె. లేకుంటే తాళాన్ని గుర్తుపట్టది. గుర్తుపట్టకుంటే బండి స్టార్ట్ కాదు.”

“ఈసీఎం అంటే ఏంది?”

“గీ డబ్బా. బ్యాటరీ పక్కన ఉన్నది సూడు. ఇంజినుకు ఎప్పుడు ఎంత డీజిల్ పోవాలె, అన్నీ గిదే చెప్తది. మనిషికి మెదడెట్లనో గట్ల. ఇది చెడిపోతే ఇంజినెంత మంచిగున్నా బండి కదలది.”

“చెడిపోయింది గదా.”

“చెడిపోయింది.”

“ఎందుకు చెడిపోయింది?”

“చాయ్ తాగుతవా? ఎదురుంగ హోటల్ల అల్లం ఏసి మంచిగ జేస్తడు.”

“చాయ్ సంగతి తర్వాత. ఎందుకు చెడిపోయింది?”

“మిషిన్ పెద్దమ్మా. చెడిపోతది. దానికేమన్న కారణాలుంటయా?”

“మిషిన్లన్నీ కారణం లేకుంటనే చెడిపోతే ఇగ నువ్వెందుకు ఈడ?”

“ఏంది పెద్దమ్మా, వచ్చిరాంగనే లాయర్ లెక్క...”

“నవ్వులాటకు రాలే నేను. ఇరవై దినాలైంది మా ఆయన పోయి. చుట్టాలు పోయిండ్రు, వాకిలంత ఖాళీ. వీడు మాత్రం లేస్తలేడు. రొట్టె పెడితే ఇంత ముక్క తుంచుతడు, చేతుల పట్టుకోని గట్లనే కూసుంటడు. అమ్మను గదా, యాడీ యాడీ అని నా సుట్టు తిరిగేటోడు, ఇప్పుడు నా మొకం సూస్తలేడు. మొన్న కోడలు పిల్లల్ని తీస్కోని తల్లిగారింటికి పోయింది, ఈ మనిషిని సూడలేనత్తమ్మా అని.”

“నాకు చెప్పనేలేదు. ఫోన్ జేస్తే ఎత్తుతలేడు.”

“ఎవ్వలదీ ఎత్తుతలేడు. ‘నాయనను నేనే సంపిన’ అంటడు. గదొక్కటే మాట. నిన్న పొద్దుగాల పురుగుల మందు డబ్బా కాడ నిలవడి సూస్తున్నడు. తీసి దాచిపెట్టిన. ఎన్ని దాచిపెట్టాలె నేను?”

“అయ్యో... వాడేం జేసిండు పెద్దమ్మా? వాడు బండి తోలిండు, అంతే గదా.”

“వాగుల తోలిండు. పాణం బాగలేని ఆయనను రోడ్డు మీద తీస్కపోతే దవాఖానకు ఆల్చమైతదని దగ్గరి తోవ పట్టిండు. మోకాళ్ల లోతు గూడ లేవు నీళ్లు. దాటినంక ఇంత దూరం పోయినమో లేదో, బండి గుర్రుమన్నది, ఆగింది. ఇగ లేవలే. నేను వెనక సీట్ల, ఆయన తలకాయ నా ఒళ్లె. వీడు తాళం తిప్పుడు, తిప్పుడు, తిప్పుడు. ఫోన్ సూస్తే సిగ్నల్ లేదు. ఎటు సూసినా టేకు చెట్లు, మనిషి పురుగు లేదు. చెప్పులిడిసి ఉరికిండు. గంటకు ట్రాక్టర్ తీస్కోని వచ్చిండు.”

“ఇన్న. దినాలప్పుడు చెప్పిండు.”

“అందుకే అడగనీకొచ్చిన. వాగు నీళ్లేనా దీన్ని చెడగొట్టింది?”

“కాదు. వాగు నీళ్లు కానే కాదు. ఇది ఇంత పైకున్నది, గా నీళ్లు దీనికెట్ల అందుతయ్? ఇది చెడిపోవుడు ఎన్నడో షురువైంది.”

“ఎన్నడో అంటే?”

“ఎన్నడో అంటే... ఎన్నడో.”

“నీకెట్లెర్క?”

“పాతదాన్ని సూస్తే ఎర్కైతది పెద్దమ్మా.”

“సూపియ్ మరి.”

“అదెందుకు నీకు? పారేసిన.”

“నీ చెయ్యి కింద ఉన్నదేంది?”

“ఇదా. ఇది... అవ్, ఇదే.”

“ఇటియ్. దాస్తవేంది? ఏందిది, పసరు రంగుల?”

“చిలుము. రాగి చెంబుకు పడ్తది గదా, గట్ల. లోపటి పిన్నులన్నీ తినేసింది.”

“అది కాదు. గిటు, గీ మూలకు. పసుపు లెక్కున్నది.”

“మట్టి అయ్యుంటది.”

“పసుపు నాకెర్క లేదా తిరుపతీ? ఇటు సూసి చెప్పు.”

“...పసుపే.”

“దసరకు పూజ జేసిన నేను. బానెట్ లేపమన్న. ‘యాడీ, టైర్లకు బొట్టు పెట్టు, సాలు’ అన్నడు వాడు. నేనే ఇనలే. అందరు పైన పైన జేస్తరు, పనిజేసేది లోపటిది గదా అని ఇంజిను మీదనే కొబ్బరికాయ కొట్టిన. పసుపు నీళ్లు చెంబెడు పోసిన. చల్లలే, పోసిన. పండుగ పూట బండికి గూడ స్నానం గావాలె గదా అని...”

“పెద్దమ్మా, ఇడిసిపెట్టు.”

“గా నీళ్లేనా?”

“ఇడిసిపెట్టమన్న గదా.”

“నేనేనా బిడ్డా?”

“...డబ్బాకు వైర్లు తగిలిచ్చే సాకెట్లకు దిగినయ్ నీళ్లు. కొబ్బరి నీళ్లు గూడ. ఆరిపోయినట్టే ఉంటది గని లోపట చిలుము పట్టుకుంట పోయింది, రోజింత, రోజింత.”

“నా చేతులు పడిపోను. సల్లగుండాలె అని పోసిన గదరా! మొక్కి మొక్కి పోసిన గదరా!”

“ఏడ్వకు పెద్దమ్మా. నీ కాళ్లు మొక్కుత, ఏడ్వకు.”

“మంచిదే. మంచిదే అయ్యింది. ఇంటికి పోయి చెప్త వానికి. నీ వాగు కాదురా, నా పసుపే అని చెప్త. నన్ను తిడితే తిట్టనియ్, వాడు బువ్వ తింటె సాలు. నువ్వు గూడ చెప్పు. మెకానిక్‌వు, నీ మాట ఇంటడు. ‘మీ అమ్మ పోసిన నీళ్లతోనే ఆగింది’ అని ఒక్క మాట చెప్పు.”

“నేను చెప్ప.”

“ఎందుకు చెప్పవ్? నిజమే గదా.”

“సగమే నిజం.”

“సగమేంది?”

“ముందుగాల నీళ్లు తాగు. గిదిగో...”

“నీళ్లు వద్దు. సగమేంది తిరుపతీ?”

“బండి చెప్పింది పెద్దమ్మా.”

“ఏం చెప్పింది?”

“లోపట చెడిపోతున్నా అని చెప్పింది. డ్రైవర్ ముంగట నారింజ రంగుల చిన్న లైటొస్తది, ఇంజిను బొమ్మ. దేవ్‌సింగ్ సూసిండు. ఆ దినమే ఉరికొచ్చిండు నా కాడికి. వాడేం ఆల్చం జెయ్యలే, ఇంత గూడ జెయ్యలే. నేనే... పెనుబల్లిల మా బామ్మర్ది పెండ్లి. తెల్ల అంగి ఏసుకోని నిలవడ్డ. రోడ్డు మీద ఆటో ఆపుకోని మా ఇంటామె కేకలు పెడ్తున్నది. సాకెట్ ఇప్పి సూస్తే పది నిమిషాల పని. అంగికి గ్రీజ్ అంటుతదని ఇప్పలే.”

“ఇప్పలేదా?”

“ఇప్పలే. స్కానర్ పెట్టి లైటు ఆర్పేసిన. లైటు పోయింది, రోగం లోపటనే ఉన్నది. మల్లా తీస్కరమ్మని గూడ చెప్పలే. ‘ఏంగాదు పోరా, బేఫికర్ తిరుగు’ అన్న, ఈపు మీద సరిచిన. వాడు నమ్మిండు. నమ్మి వాళ్ల నాయనను, బద్యా పెదనాయనను, ఆ బండిలనే ఎక్కిచ్చిండు.”

“నీ మాట నమ్మిండా వాడు...”

“తిట్టు పెద్దమ్మా. గట్ల సూడకు, తిట్టు. దినాలకొచ్చి మీ ఇంట్ల బువ్వ తిన్న నేను. వాడు నా భుజం మీద పడి ఏడుస్తుంటే ఓదార్చిన. తలరాతరా అన్న. ఆ మాట నోటికెట్లొచ్చిందో నాకు! అప్పటికింకా డబ్బా ఇప్పలే, అయినా నా మనసుకు ఎర్కే. మూడు దినాల కిందట ఇప్పి సూసిన. అప్పటి సంది గిట్లనే ముంగటేసుకోని కూసున్న.”

“ఊకో బిడ్డా.”

“ఇంకోటి గూడ ఇను. నువ్వు ‘నేనేనా’ అని అడిగినప్పుడు, ఒట్టు, ఒక్క నిమిషం నా పాణం సల్లవడ్డది. అమ్మయ్య, తప్పిచ్చుకున్న అనుకున్న. ఏడ్సే మనిషి ముంగట కూసోని! గసుంటోన్ని నేను.”

“ఊకోమన్న గదా.”

“ఊకోను. ఈ తాళాలు కలిపి బండి స్టార్ట్ జేస్త. నిన్నెక్కిచ్చుకోని తండాకొస్త. వాని కాళ్లు పట్టుకుంట. మీ నాయనను సంపింది నేనురా అని చెప్త.”

“వద్దు.”

“ఎందుకొద్దు?”

“చిన్నప్పటి సంది ఒక్క బెంచి మీద కూసున్నోళ్లు మీరు. ఇగ జన్మల నీ మొకం సూడడు. వానికింకెవ్వలున్నరు?”

“సూడకుంటే సూడకపోనియ్. బతికుంటె సాలు గదా! పురుగుల మందు కాడ నిలవడ్డడంటివి. వాడు జెయ్యని తప్పుకు వాడు సచ్చిపోతే, అప్పుడు నేనెట్ల బతకాలె? ఇద్దర్ని సంపినోన్నైత.”

“నువ్వు సంపలే.”

“ఎట్ల సంపలే? ఆ లైటు నేను ఆర్పకుంటే...”

“ఆర్పినవ్. నేను పసుపు పోసిన. వాడు వాగుల తోలిండు. అన్నీ నిజమే. అయినా మన ముగ్గురిట్ల ఎవ్వలం సంపలే ఆయనను.”

“ఏం మాటలు పెద్దమ్మా ఇవి? బండి ఆగకుంటే అరగంటల భద్రాచలం దవాఖానల ఉంటుండె గదా పెదనాయన!”

“ఇను. నడుమ మాట్లాడకు, మాట్లాడితే మల్ల నాకు నోరు రాదు. ఇరవై దినాల సంది వాని మంచం కాడికి పోతున్న, నోరు తెరుస్తున్న, మూసుకోని వస్తున్న. నువ్వేదన్న మిషిన్ మాట చెప్తవ్, అది తీస్కపోయి వానికిస్త, నేను చెప్పే పని తప్పుతదని ఈడికొచ్చిన.”

“నువ్వు చెప్పేదేంది?”

“వాడు గంత దూరం ఉరికి, కాళ్లకు రక్తాలు కారుకుంట ట్రాక్టర్ తెచ్చిండు. ‘నాయనకెట్లున్నది యాడీ’ అన్నడు. ఉన్నడురా, జల్దీ పోనియ్ అన్న. దవాఖానల డాక్టర్ అడిగితే ఇప్పుడే పోయిండన్న.”

“మరి?”

“వాడు గంత పోరాడుతుంటే ఎట్ల చెప్పాలె బిడ్డా? ముందే చెప్తే బండి ఆపి తల కొట్టుకుంటడని, డాక్టర్ సూస్తే లేస్తడేమో అని, తుండు గుడ్డ మొకానికి అడ్డం పెట్టి కూసున్న. వాగు రాకముందే, ఫారెస్ట్ చెక్‌పోస్టు కాడనే, నా ఒళ్లె ఆయన పాణం పోయింది. నేనే చెప్పలే.”