సముద్రంలో తవుడు సంచి

"ఒక ఊరిని బాగుచెయ్యడానికి వెళ్ళినవాళ్ళు అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పనేమిటి? ఆలోచించి చెప్పండి, తొందరేం లేదు" అని అడిగింది సువర్ణ టీచరు, అరుగు మీద కూర్చున్న మనవలిద్దర్నీ. రిటైరై ఎన్నేళ్ళయినా, ప్రశ్న వేసి జవాబు వచ్చేదాకా ఎదురుచూసే అలవాటు ఆవిడకి పోలేదు.

"కుళాయి వేయించాలి" అన్నాడు చిన్నవాడు నెహెమ్యా.

పెద్దది కెజియాకి ఇది పాఠం కాదు. డిగ్రీ అయ్యాక ఏదో సంస్థకి రాసి పెట్టుకుంటే, మడగాస్కర్‌లో సముద్రపు ఒడ్డున ఒక చిన్న జాలరి పల్లెలో ఆర్నెల్లు వాలంటీరుగా పనిచెయ్యడానికి రమ్మన్నారు. వచ్చేదీ రానిదీ రేపు పొద్దున్నకల్లా చెప్పాలి. వెళ్ళాలనీ ఉంది, భయంగానూ ఉంది. ఆకివీడు దాటి ఏలూరు హాస్టల్లో ఉన్నందుకే మొదటి నెలంతా ఏడ్చిన పిల్ల. అక్కడ ఏం తింటారో, ఏం తాగుతారో, దిగులేస్తే ఎవరి పక్కన కూర్చోవాలో, చూసొచ్చినవాళ్ళు ఒక్క నిజం మాట చెబితే చాలు దానికి.

చూసొచ్చినవాడు ఇంట్లోనే ఉన్నాడు, అదే చిక్కు. సువర్ణ టీచరు చెల్లెలి కొడుకు ఎజ్రా రెండేళ్ళ కిందట సరిగ్గా ఆ పల్లెలోనే పనిచేసి వచ్చాడు. వాడి చేత ఆ నాలుగు మాటలూ చెప్పించాలనే ఆవిడ పెరట్లో బతికున్న కొరమీనుని బకెట్టులో వేసి, మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి, చేప జారకుండా రాసుకున్న బూడిద చేతులతోనే అరుగు మీదికి వచ్చింది. టీ గ్లాసుతో ఎదురింటి చాంద్ బాషా కూడా వచ్చి కూర్చున్నాడు.

"వాలంటీరంటే పింఛన్లు పంచేవాళ్ళాండీ?" అన్నాడాయన.

"అబ్బే, ఇది వేరండీ, ఊరి అభివృద్ధి!" ఎజ్రా కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ముందేం చెయ్యాలో నన్నడగండి పెద్దమ్మా. నేను చేసి చూపించానుగా. పెద్ద గొప్పేం కాదనుకోండి."

"అదంతా తర్వాత. మంచినీళ్ళు ఎక్కడివో చెప్పు దానికి."

"అక్కడికే వస్తున్నానండీ. నేను దిగిన రోజున చూద్దును కదా, పాపం, చీకటితో పడవలేసుకుని పోతారు, పొద్దువాలాక ఖాళీ బుట్టలతో వస్తారు. నాకు కడుపు తరుక్కుపోయింది. చేపల వెనకాల మనం తిరగడమేంటి, చేపలే మన దగ్గరికి రావాలి గానీ అన్నాను. మన చెరువుల్లో ఏం చేస్తాం? కర్రలు పాతి, చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు పోసి కడతాం, చేపలొచ్చి తినిపోతాయి. అంతే, ఒక్క సంచి, ఒక్కటంటే ఒక్కటి, సముద్రంలో కట్టాను."

చాంద్ బాషా చేపల లారీ తోలి తోలి మానేసిన మనిషి. "సముద్రంలోనా? కెరటానికి కొట్టుకుపోలేదాండీ?"

"అందరూ అదే అన్నారండీ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాటికి చేపలు వచ్చాయి. వచ్చాయంటే ఎలా, రేషన్ షాపు తెరిచినప్పుడు జనం వచ్చినట్టు, ఒకదాన్నొకటి తోసుకుంటూ. ఇలా కాదని గంట పెట్టాను. ఒకసారి కొడితే పిల్ల చేపలు రావాలి, రెండోసారి కొడితే పెద్దవి. వారం తిరక్కుండా లైను నేర్చుకున్నాయి. మా పెద్దమ్మ బళ్ళో పిల్లలు కూడా అంత బుద్ధిగా నిలబడి ఉండరు."

సువర్ణ టీచరు ఓపికంతా కూడదీసుకుంది. "ఎజ్రా. నీళ్ళు."

"నీళ్ళంటే గుర్తొచ్చింది, ఒకరోజు నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయండీ. ఏంటా అని చూస్తే తిమింగలం! మన చర్చంత ఉంది. తవుడు వాసన పట్టుకుని ఏ దేశం నుంచి వచ్చిందో. జనమంతా కొబ్బరిచెట్లెక్కేశారు. నేనొక్కణ్ణే మోకాలి లోతుకి దిగి, 'నీకింకా గంట కొట్టలేదమ్మా' అన్నాను. తల దించుకుని వెనక్కెళ్ళి లైన్లో నిలబడింది."

"తవుడు తిందా మావయ్యా?" నెహెమ్యా కళ్ళింతయ్యాయి.

"తిందా అంటావేంట్రా! తిని, ఆ విశ్వాసంతో ఊరి పడవలన్నిటినీ తాడేసి లాక్కెళ్ళి, సాయంత్రానికి తెచ్చి దింపేది. డీజిలన్న మాటే లేదు. ఖాళీ ఉన్నప్పుడు రోడ్డు కూడా వేశాం దాంతోటే, తోకతో చదును చేసింది. మన ఊరి రోడ్డుకంటే నయంగా ఉంటుంది."

"ఆ ఆఖరి మాట మాత్రం నమ్ముతానండీ" అన్నాడు చాంద్ బాషా.

తరగతి గదైతే సువర్ణ టీచరు ఎజ్రాని ఎప్పుడో బెంచీ ఎక్కించి ఉండేది. ఇంతసేపట్లో నీళ్ళ సంగతి లేదు, తిండి సంగతి లేదు. పక్కన కెజియా ఫోను తీసింది.

"రానని పెట్టేస్తాను అమ్మమ్మా" అంది మెల్లిగా. "అక్కడ నాకింకేం పనుంది, అన్నీ అయిపోయాయిగా." టైపు చెయ్యడం మొదలుపెట్టింది.

ఎజ్రాకి అదేం వినబడలేదు. "అన్నిటికంటే నేను వచ్చేసే రోజు చూడాలండీ! ఊరు ఊరంతా ఒకటే ఏడుపు. ఆ ఏడు పుట్టిన పిల్లలందరికీ నా పేరే పెట్టుకున్నారు. మగపిల్లలకీ ఎజ్రా, ఆడపిల్లలకీ ఎజ్రా. ఇవాళ ఆ వీధిలో నిలబడి ఎజ్రా అని కేకేస్తే తొక్కిసలాటే!"

కెజియా ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "అంతకుముందు పుట్టినవాళ్ళ పేర్లేంటి మావయ్యా?"

"ఏంటీ?"

"వాళ్ళకి మీ పేరు పెట్టి ఉండరుగా. ఒక్కరి పేరు చెప్పండి చాలు. నేను వెళితే మీరు అడిగారని చెబుతాను."

"మనం అందర్నీ బ్రదర్ అనే కదమ్మా పిలిచేది. ఆడవాళ్ళని సిస్టర్ అని." ఎజ్రా గడ్డం గోక్కున్నాడు. "ఉండు, ఫొటోలున్నాయి."

ఫొటోల్లో ఎజ్రా పార పట్టుకుని ఉన్నాడు, ఎజ్రా పడవ ఎక్కి ఉన్నాడు, ఎజ్రా పిల్లల మధ్య నిలబడి ఉన్నాడు. ఒకదాంట్లో మాత్రం ఎజ్రా భుజం వెనకాల, సగం తెగిపోయి, చేతిలో లోటా పట్టుకున్న ఒక ముసలావిడ.

"ఈవిడెవరు?"

"ఆవిడా..." ఎజ్రా గొంతు తగ్గింది. "నాకు వండిపెట్టేదమ్మా. దిగిన కొత్తలో నాకేం సయించలేదు. అన్నం వండిన గిన్నెలో మాడు తియ్యకుండా, అందులోనే నీళ్ళు పోసి మరిగించి ఇచ్చేది. వాళ్ళందరూ అవే తాగుతారు. కమ్మగా ఉంటాయి. నేను తాగేదాకా పక్కనే కూర్చునేది."

"పేరు?"

ఎజ్రా ఫొటోని పెద్దది చేసి చూశాడు, ఎక్కడైనా రాసి ఉంటుందేమో అన్నట్టు. "ఆంటీ అనేవాణ్ణి."

చాంద్ బాషా గ్లాసు అరుగు మీద పెట్టాడు. "పోనీ, ఆ తిమింగలం పేరైనా అడిగారా ఎజ్రాగారూ?"

నెహెమ్యా పడీ పడీ నవ్వాడు. కెజియా నవ్వలేదు. ఫోనులో గబగబా ఏదో కొట్టి, తలెత్తింది. "వస్తున్నానని పెట్టేశాను అమ్మమ్మా. ఆ ఫొటో నాకు పంపండి మావయ్యా, వెళ్ళగానే ముందు ఆవిణ్ణి వెతికి పేరడుగుతాను."

ఎజ్రా పంపాడు.

"నీ ప్రశ్నకి జవాబు చెప్పలేదేంటి అమ్మమ్మా?" అన్నాడు నెహెమ్యా.

"మీ అక్కకి వచ్చేసింది. నువ్వు రేపటికి ఆలోచించుకురా."

పెరట్లో దబ్బుమని రాయి పడ్డ చప్పుడు, ఆ వెనకే మూత దొర్లిన చప్పుడు. కొరమీను బకెట్టులోంచి దూకినట్టుంది.

"చేపల్ని లైన్లో నిలబెట్టినవాడివి, వచ్చి దాని తల కాస్త అదిమి పట్టుకో నాయనా" అంది సువర్ణ టీచరు లేస్తూ.

"ఇస్త్రీ ప్యాంటండీ పెద్దమ్మా..."

ఆవిడ కొంగు దోపుకుని, పొయ్యిలోంచి పిడికెడు బూడిద తీసుకుని, సగంలో వదిలేసిన చేప పని చూసుకోడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది.