గోపాల్ సార్ సైకిల్ ముందటి చక్రం

నా పేరు షేక్ అజ్మత్, తండ్రి మహబూబ్, వయసు 51. సిద్దిపేట మెదక్ రోడ్డుల సైకిల్ రిపేర్ దుకాణం. ముప్పై రెండేండ్ల సంది ఇదే పని. ఈ రోజు 28-09-2011, పగలు 11 గంటలకు, ఎవరూ పిలువకుండ నా అంతట నేనే వచ్చి ఎస్.ఐ. గారి ముందర చెప్తున్నది ఏమనగా:

తొగుట బడి పంతులు గోపాల్ సార్ సమ్మెల ఉన్నడు. తెలంగాణ కోసం పది జిల్లాలు సైకిల్ మీద తిరుగుదామని ఆదివారం నా దగ్గరికి వచ్చిండు. ఆయనది దూరం పోయే గేర్ల సైకిల్. "అజ్మత్ భాయ్, వానల రబ్బరు రిమ్ము మీద జారుతుంది, డిస్క్ బ్రేకు పెట్టు" అన్నడు. సామాను పట్నం నుంచి తనే తెచ్చిండు. వెనక డిస్కు బిగించే జాగ లేదు. ముందటి ఫోర్కు, చక్రం మార్చి ముందటికే పెట్టిన. వెనక పాత రబ్బరే ఉంచిన. నిన్న పొద్దున 8 గంటలకు గల్లీ చివరి దాక తొక్కి చూసిన. పట్టిన జాగలనే ఆగింది. నా చేతి పని గట్లనే ఉంటది.

8.40కి సార్ జెండ కట్టుకొని బయలుదేరిండు. వాన పడుతుండె. 8.50కి దిగుడుల పోలీసోళ్ల బారికేడుకు గుద్దిండు. కానిస్టేబుల్ పోశయ్య గారి ఎడమ చెయ్యి విరిగింది. కావాలనే గుద్దిండని సార్ మీద కేసయింది. అది నిలబడితే ఆయన నౌకరి పోతది.

నిన్న మధ్యాహ్నం మీరు నన్ను "బ్రేకు మంచిగనే ఉండెనా?" అని అడిగిన్రు. నా చేతి పని మీద అనుమానమా అని కోపం వచ్చింది. "అజ్మత్ పెట్టిన బ్రేకు ఫెయిల్ కాదు" అన్న, మీరు రాసిన కాయితం మీద సంతకం పెట్టిన. ఆ మాటనే సార్‌ను లోపల వేయించింది.

ఈ రోజు పొద్దున 9.30కి రిపేరుకు వచ్చిన ఉప్పలయ్య సైకిల్ తుడుస్తున్న. దుకాణం దాటే ప్రతి సైకిల్‌ను నూనె గుడ్డతోని తుడిచే ఇస్త. మెరిస్తేనే గిరాకికి నచ్చుతది. రిమ్ముకు మాత్రం గుడ్డ తగలనియ్య, నూనె అంటితే బ్రేకు పట్టదు. ఇరుసు కాడ తుడుస్తుంటె నా చెయ్యి ఆగింది. గోపాల్ సార్ సైకిల్‌ను గూడ గిట్లనే తుడిచిన. రిమ్ము ఒదిలిపెట్టిన. డిస్కు ఉండేది ఇరుసు కాడ. బ్రేకు పట్టేది ఆ రేకునే. దాన్ని నేనే నూనెతోని మెరిపిచ్చిన. తొక్కి చూసింది తుడువక ముందు.

సైకిల్ మీ ఆవరణలనే ఉన్నది. డిస్కు మీద తెల్ల కాయితం రుద్దుండ్రి, నూనె అంటుతది. బిగించుడుల తప్పు లేదు, ఇప్పటికీ అదే చెప్త. తుడుసుడుల తప్పున్నది, అది నాది. ఇక్కడికి వచ్చే ముందు దవాఖానకు పోయి పోశయ్య గారిని మాఫీ అడిగిన. ఆయన అటు దిక్కు మొకం తిప్పుకున్నడు. నాకు శానా బాధయింది.

"గిది రాస్తే నీ దుకాణంకు ఎవరొస్తరయ్యా?" అని మీరు అడిగిన్రు. వచ్చేటోళ్లు వస్తరు సార్, రాయుండ్రి.

రాసింది నాకు చదివి వినిపించిన్రు. నేను చెప్పినట్టే ఉన్నది, ఎవరూ బెదిరించలేదు. నిన్నటి కాయితం కొట్టెయ్యుండ్రి. దాంట్ల నా సంతకం ఉన్నది గని నిజం లేదు.

(సంతకం)
షేక్ అజ్మత్