పిల్లి తాగేసింది

మధ్యాహ్నం. వంటింట్లో అక్కాచెల్లెళ్ళు. పక్కగదిలో రెండేళ్ళవాడు నిద్రపోతున్నాడు.

"జాకెట్టు మళ్ళీ తడిసిందే."

"అంట్లు తోముతున్నాను కదక్కా. నీళ్ళు."

"నీళ్ళు సరిగ్గా అక్కడే పడతాయా? ఇటు తిరుగు. ఇదేంటి, గుడ్డ ఇంత గట్టిగా బిగించావ్? విప్పు ముందు. పాలు గడ్డలు కడతాయి."

"దిగిందమ్మా డాక్టరమ్మ."

"జైల్లో నర్సు చెప్పింది. నేనూ ఇలాగే బిగించుకుని నాలుగు రోజులు జ్వరంతో పడున్నాను. చల్లటి గుడ్డ వేసుకో. మరీ సలిపితే కాస్త పిండి పారెయ్. కాస్తే. మొత్తం పిండావో, మళ్ళీ ఊరుతుంది."

"అలాగే."

"నొప్పిగా ఉందా?"

"తెలీడం లేదు."

"నాలుగు నెలలవాణ్ణి నీ ఒళ్ళో పడేసి ఇరవై నెలలు లోపల కూర్చున్నాను. మొగుడు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టిన తెలివైనదాన్ని."

"ఇప్పుడవన్నీ ఎందుకులే. నా పిల్ల ఒక పక్క తాగింది, వీడొక పక్క తాగాడు. అది ఏడాదికే మానేసింది. వీడే, జలగ."

"మరెలా మాన్పించావ్?"

"నువ్వొస్తున్నావని తెలిసిన దగ్గర్నుంచి ఒక్కో పూట తగ్గించాను. ఆఖరిది నాలుగు రోజుల కిందట. పాలేవీ అని పమిట లాగితే, పిల్లి తాగేసిందిరా అన్నాను."

"నమ్మాడా?"

"నమ్మడమా! పిల్లి కనబడితే చాలు, చేతిలో ఏదుంటే అది విసురుతున్నాడు. పక్కింటావిడ పిల్లి ఈ గోడ దిగడమే మానేసింది."

"నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

"ఏదీ లేదు. ఆ గిన్నె ఇటివ్వు. బస్సు ఎన్నింటికి?"

"ఐదింటికి."

"వాడి దుప్పటి సంచీలో పెట్టాను, నీలంది. అది మొహానికి ఆనించుకుంటే గానీ పడుకోడు. ఉతక్కు. వాసన పోతే ఊరుకోడు."

"నువ్వు బస్టాండుకి రావా?"

"అంట్లున్నాయి."

"అయిపోయాయి కదే."

"బట్టలున్నాయి."

"నీకో మాట చెప్పాలే."

"ఏంటక్కా?"

"పొద్దున వాడు నా మీద చెంచా విసిరాడే."

"కొత్త కదా. రెండ్రోజుల్లో అలవాటవుతాడు. నీ ఫొటో చూపించి రోజూ చెప్పేదాన్ని, అమ్మ, ఇదిగో అమ్మ అని."

"చెంచా తీసి వాడి చేతికే ఇచ్చి అడిగాను. నేనెవర్ని నాన్నా అని."

"అమ్మ అన్నాడా?"

"పిల్లి అన్నాడు."