పేరు వేయని గొంతు

మైదుకూరు దాటాక భర్త కారులో కొత్త ఆల్బమ్ పెట్టాడు. కంప్యూటర్ దరువుల మీద వయొలిన్లు ఒక్కసారిగా లేచాయి. వాటిని దాటుకుని ఒక ఆడగొంతు ఒపెరా రాగం ఎత్తుకోగానే మధులత వేళ్లు ఒళ్లో బిగుసుకున్నాయి.

"ఏం గొంతు మే ఇది! వారం నుంచి ఇదే వింటాండా. పాడినామె పేరు మాత్రం యాడా ఎయ్యలేదు."

"నేనే ఎయ్యొద్దన్నా."

"నువ్వా?"

"ఆ గొంతు నాదే. పెండ్లికి ముందు చెన్నైలో పాట నేర్చుకున్యా గదా, అప్పుడు పాడింది. ఆల్బమ్ ఇప్పుడొచ్చింది. మీ ఇంట్లో పాటలు మానుకోమన్నారని పేరు తీసేయించినా."

"నువ్వు పాడేది నేనెప్పుడూ వినలేదే!"

అతను కారు పక్కకు ఆపాడు. పాట అయ్యేదాకా వింటూ కళ్లు తుడుచుకున్నాడు.

"శానా బాగుండాది మధూ."

"అయితే మళ్లీ పాడనా? ఇంకో ఆల్బమ్‌కు పిలుస్తాండారు."

"నాయన ఒప్పుకోడు. మనం ఈ కారులో విందాంలే, సాలు."

మధులత అత్తగారి ఊరు దగ్గరపడింది. అతను అదే పాట మళ్లీ పెట్టి, అద్దాలన్నీ ఎక్కించాడు.

"నా పక్క అద్దం దించండి. ఊపిరాడటంల్యా."

"ఊర్లోకి పోతాండాం. ఎవరన్నా వింటారు."

మధులత తన వైపు మీట నొక్కింది. అతను అప్పటికే అటునుంచి లాక్ వేశాడు. అద్దం కదలలేదు. మూసిన కారులో ఆమె గొంతు పైకి, ఇంకా పైకి పోతూనే ఉంది.